పరాయి ఊళ్ళో మొదటి రెండేళ్ళు

పరదేశానికి సేవకు వెళ్ళిన యువ మిషనరీకి మొదటి ఏడాదిలో ప్రసంగాలు చేసే అవసరం పెద్దగా రాదు. ఆ ఏడాదంతా భాషకూ, కడుపుకూ, నిద్రకూ, పక్క మంచం మీది తోటివాడి గురకకూ సరిపోతుంది. వీడ్కోలు సభలో దండ వేసి పంపినవాళ్ళు ఊహించుకునే జీవితం ఒకటి, దిగిన ఊళ్ళో తెల్లారి లేచి బకెట్టు పట్టుకుని నిలబడే జీవితం ఇంకొకటి. విశ్వాసం గురించి అతను కొత్తగా నేర్చుకునేది కూడా చాలావరకు ఆ బకెట్టు దగ్గరే.

తెలుగువాళ్ళకు ఈ అనుభవం రెండు వైపుల నుంచీ తెలుసు. 1805లో లండన్ మిషనరీ సొసైటీ పంపిన జార్జి క్రాన్, అగస్టస్ డెస్ గ్రాంజెస్ అనే ఇద్దరు విశాఖపట్నంలో దిగారు. 1903లో నెల్లూరు ప్రాంతపు జాన్ రంగయ్య ఓడెక్కి దక్షిణాఫ్రికాలోని నటాల్ వెళ్ళాడు. వచ్చినవాళ్ళ కథలు పుస్తకాల్లో బోలెడు ఉన్నాయి. వెళ్ళిన తెలుగువాడి కథ చెప్పేవాళ్ళు తక్కువ. పరాయి ఊరికి వెళ్ళేవాడు రెండూ తెలుసుకుని వెళ్ళడం మంచిది. ఒక వైపు కథే విన్నవాడు, తాను ఇవ్వడానికే వెళ్తున్నానని అనుకుంటాడు.

మాట

భాష నేర్చుకోవడం ఎంత చిక్కో తెలియాలంటే బీదర్ జిల్లా భాల్కి తాలూకాలోని ఖటక్ చించోళి లాంటి ఊరిని చూడాలి. కాగితం మీద అది కర్ణాటక. అక్కడికి పంపే సంస్థ కన్నడం నేర్పించి పంపుతుంది. దిగాక ఆ వైపు సంతల్లో వినిపించేది కన్నడం ఒక్కటే కాదు, మరాఠీ, దక్కనీ ఉర్దూ, తెలుగు కూడా. 1956 నవంబరు 1 దాకా బీదర్ హైదరాబాద్ రాష్ట్రంలోని జిల్లా. ఆ రోజున దాన్ని మూడు ముక్కలు చేశారు. జహీరాబాద్, నారాయణఖేడ్ ఆంధ్రప్రదేశ్‌కు, ఉద్గీర్, నిలంగా వైపు మరాఠీ ప్రాంతాలు అప్పటి బొంబాయి రాష్ట్రానికి, మిగిలింది మైసూరుకు పోయాయి. గీతలు మారాయి గాని పెళ్ళి సంబంధాలు మారలేదు. కోడలు ఒక భాషలో తిడితే అత్తగారు ఇంకో భాషలో బదులు చెప్పే ఇళ్ళు సరిహద్దు ఊళ్ళలో కొత్త కాదు.

ఇలాంటి చోట వ్యాకరణ పుస్తకం చివర్న పెట్టుకోవాల్సిన వస్తువు. ముందు రావాల్సింది పలకరింపు. ఆ వైపు కన్నడంలో మాట చివర ‘రీ’ చేరిస్తే అది తెలుగులోని ‘అండీ’తో సమానం. ‘ఊట ఆయ్తేన్రీ?’ అంటే భోజనం అయిందాండీ అని. ఆ ‘రీ’ మరిచిపోయి పెద్దాయనను పలకరించినవాడు ఎంత గొప్ప వాక్యం కట్టినా లాభం లేదు. పెద్దాయన నవ్వి ఊరుకుంటాడు, పిల్లలు మాత్రం వారం రోజులు అనుకరిస్తారు. పలకరింపు తర్వాత వరసలు: అజ్జ, అవ్వ, కాకా, అక్క. ఎవరిని ఏ వరసతో పిలవాలో తెలిస్తే ఊళ్ళో ఎవరు ఎవరికి ఏమవుతారో కూడా సగం తెలిసినట్టే. ఆ తర్వాత ధరలు, అంకెలు, ఒంట్లో నొప్పుల పేర్లు. దేవుడికి సంబంధించిన మాటలు వీటన్నిటి వెనక వస్తే చాలు.

ఈ వరస తిరగబడితే ఏమవుతుందో తెలుగు చర్చిల్లో పెరిగినవాళ్ళకు చెప్పక్కర్లేదు. ముందు బైబిలు చదివి తర్వాత బజారుకు వెళ్ళిన దొరలు ‘నాకు కొంచెము నీళ్ళు దయచేయుము’ అనే తెలుగు మాట్లాడారు. గ్రాంథికం నేర్పిన మున్షీది తప్పు కాదు. జీతం ఇచ్చినవాళ్ళు అదే అడిగారు. కాని నీళ్ళు అడిగే భాషా ప్రార్థించే భాషా వేరువేరైతే, వినేవాళ్ళకు దేవుడు కూడా కచేరీలో కూర్చున్న తాసీల్దారులా కనిపిస్తాడు.

క్రాన్, డెస్ గ్రాంజెస్ ఈ విషయంలో అదృష్టవంతులు. వాళ్ళకు ఆనందరాయర్ అనే మతం మారిన బ్రాహ్మణుడు దొరికాడు. అనువాదం ముందుకు సాగింది ఆయన తోడు వల్లే. క్రాన్ 1809లో, డెస్ గ్రాంజెస్ 1810లో చనిపోయారు. వచ్చి ఐదేళ్ళు తిరిగేసరికి ఇద్దరూ లేరు. 1812లో శ్రీరాంపూర్ ప్రెస్సులో మత్తయి, మార్కు, లూకా సువార్తలు తెలుగులో అచ్చయ్యాయి. అచ్చు ప్రతిని చూసే యోగం ఆ ఇద్దరికీ లేకపోయింది. భాష మీద పెట్టిన శ్రమ ఎవరి ఖాతాలో ఫలిస్తుందో ముందే తెలియదనడానికి ఇంతకన్నా స్పష్టమైన సంగతి తెలుగునాట మిషన్ల చరిత్రలో లేదు.

భాష నేర్పేవాళ్ళను ఎంచుకునేటప్పుడు ఒక జాగ్రత్త పాటించాలి. గురువు తన సంఘానికి చెందినవాడు కాకపోతే మేలు. సంఘస్థుడు మొహమాటపడి తప్పులు దిద్దడు. కిరాణా కొట్టాయన దిద్దుతాడు, ఎందుకంటే తప్పు అంకె చెబితే నష్టం ఆయనకే. భాల్కిలోనే ఇంకో రకం భాషా పాఠం ఉంది. నిజాం పాలనలో బడి భాష ఉర్దూగా ఉన్న రోజుల్లో భాల్కి హిరేమఠం స్వామి చన్నబసవ పట్టదేవరు బయట ఉర్దూ బోర్డు పెట్టి లోపల కన్నడం చెప్పించారు. భాష కోసం ఆ ఊరివాళ్ళు అంత కష్టపడ్డారని తెలిసినవాడు, ఉచ్చారణ సరిగా రాలేదని ఒక సాయంత్రం దిగులుపడి కూర్చోడు.

తిండి, నీళ్ళు, నిద్ర

రోజు ఎలా గడపాలో అచ్చు వేసినంత కచ్చితంగా రాసిపెట్టుకున్న సంస్థల్లో లాటర్ డే సెయింట్స్ చర్చి ఒకటి. అది యువకులను 18 ఏళ్ళు నిండాక రెండేళ్ళకు, యువతులను ఏడాదిన్నరకు పంపుతుంది. ఖర్చు చాలావరకు వాళ్ళదీ, వాళ్ళ ఇంటివాళ్ళదీ. సాధారణంగా ఉదయం ఆరున్నరకు లేవడం, రాత్రి పదిన్నరకు దీపం ఆర్పడం, పొద్దున్నే చదువు, వారానికి ఒక రోజు బట్టలు ఉతుక్కుని ఇంటికి రాసుకోవడానికి సెలవు, ఎప్పుడూ ఇద్దరు కలిసి తిరగడం. ఆ సంఘపు నమ్మకాలతో ఏకీభవించనివాళ్ళు కూడా ఈ పట్టికను గౌరవించవచ్చు. ఇరవై ఏళ్ళవాణ్ణి తెలియని ఊళ్ళో ఒంటరిగా వదిలితే ముందు పాడయ్యేది నిద్ర, తర్వాత తిండి, ఆ తర్వాతే ప్రార్థన. పాడైన వరసలోనే బాగు చేసుకోవాలి. నిద్రపట్టని మనిషి తన విశ్వాసం సడలిందని డైరీలో రాసుకుంటే ఆ మాటను ఆ రోజుకు నమ్మకూడదు.

అయితే ఏ పట్టికైనా ఊరి గడియారానికి లొంగాలి. బీదర్ పల్లెల్లో ఎండాకాలం నీటి ఎద్దడి. బిందెలు మోసేది ఇంటి ఆడవాళ్ళు. అతిథిగా దిగినవాడు రెండు పూటలా తల స్నానం చేస్తే ఎవరూ ఏమీ అనరు. కాని ఆ రెండో బకెట్టు ఎవరి నెత్తి మీద వచ్చిందో ఇంట్లో అందరికీ తెలుసు. మొదటి వారంలోనే బిందె తీసుకుని వరసలో నిలబడటం మంచి పద్ధతి. మగవాడు బిందె మోస్తే నవ్వుతారు. నవ్వనివ్వాలి. ఊరి ఆడవాళ్ళు కొత్తవాడితో మొదటిసారి నిర్భయంగా మాట్లాడేది ఆ వరసలోనే.

తిండి విషయంలో జొన్నరొట్టె అసలు పరీక్ష. పిండిలో వేడినీళ్ళు పోసి పిసికి, ముద్ద చేసి, పొడిపిండి చల్లిన పీట మీద అరచేత్తో తట్టుతూ తిప్పుతారు. పెనం మీద వేశాక తడిగుడ్డతో పైన నీళ్ళు అద్ది, ఆరబోతుండగా తిరగేసి, చివరికి నిప్పు సెగకు చూపిస్తే పూరీలా పొంగుతుంది. గోధుమలాగా జొన్నపిండికి సాగే గుణం లేదు కనుక అప్పడాల కర్రతో పని జరగదు, చేతివాటమే దిక్కు. కొత్తవాడు చేసిన మొదటి పది రొట్టెలు అంచుల్లో పగులుతాయి. వాటిని వేరుశనగ పొడితో, పుంటికూరతో తినేస్తే సరి. పొయ్యి దగ్గర ముసలమ్మ పక్కన కూర్చుని పగిలిన రొట్టెలు చేసిన నెల రోజులు, భాషకూ వినయానికీ ఒకేసారి పనికొస్తాయి. అరిగించుకోవడానికి కూడా అంత కాలమూ పడుతుంది.

డిసెంబరు, జనవరి మధ్య వచ్చే అమావాస్యను ఆ జిల్లాలో ఎళ్ళమావాస్య అంటారు. ఆ రోజు ఇళ్ళకు తాళాలు పడతాయి. బండి కట్టుకుని, ఇప్పుడైతే ట్రాక్టరెక్కి, అందరూ చేలల్లోకి వెళ్ళి భూమికి పూజ చేస్తారు. కాయధాన్యాలూ ఆకుకూరలూ కలిపి వండిన భజ్జీ, సజ్జరొట్టెలు, అంబలి చేలోనే వడ్డిస్తారు. బంధువులనే కాదు, దారినపోయేవాళ్ళనూ పిలుస్తారు. క్రిస్మస్ హడావుడికి అటూ ఇటూగా వచ్చే ఈ పిలుపు క్రైస్తవ మిషనరీకి తప్పనిసరిగా ఒక ప్రశ్న తెస్తుంది: పూజలో పెట్టిన అన్నం తినవచ్చా? ఒక్కో సంఘం ఒక్కో జవాబు చెబుతుంది. ఆ వాదన ఇక్కడ తేలేది కాదు. ఆచరణలో కావలసింది జవాబును బయల్దేరక ముందే తేల్చుకోవడం. వెళ్ళకూడదనుకుంటే ముందు రోజే ఇంటికి వెళ్ళి, కూర్చుని, మాట చెప్పి రావచ్చు. పూజ అయ్యేదాకా దూరంగా కూర్చుని వంట పాత్రలోంచి వడ్డించమని అడిగినా పెద్దగా నొచ్చుకోరు. అందరితో బంతిలో కూర్చుని, విస్తట్లో వడ్డించాక, ఆకు పక్కకు నెట్టడం మాత్రం చేయకూడదు. సిద్ధాంతం ఏదైనా ఆ చేనులో అది అవమానమే.

తోడు, ఇల్లు

ఇద్దరిని జోడీగా పంపే పద్ధతి సువార్తల కాలం నుంచి ఉంది. భద్రతకూ, చెడు పేరు రాకుండా ఉండటానికీ అది పనికొస్తుంది. అందులోని కష్టం మాత్రం ఎవరూ ముందే చెప్పరు. జోడీని పై అధికారి నిర్ణయిస్తాడు, ఇష్టాయిష్టాలు అడగడు. రెండో నెలకల్లా గొడవ మొదలవుతుంది, అదీ సిద్ధాంతం మీద కాదు. గిన్నెలు ఎవరు తోమాలి, ఫ్యాను ఎంతలో పెట్టాలి, ఒకడు పాట పాడుతుంటే రెండోవాడు చదువుకోవడం ఎలా? క్షమ గురించి ఊరికి చెప్పడానికి వచ్చిన ఇద్దరు, తోమని గిన్నె దగ్గర మూడు రోజులు మాటలు మానేయడం అరుదేమీ కాదు. దీనికి పనికొచ్చే మందు ఒకటే. వారానికి ఒకసారి, గొడవ లేని పూట చూసి, ఇద్దరూ కూర్చుని చిన్న చిన్న చిరాకులు బయటికి చెప్పుకోవాలి. ప్రార్థన రూపంలో ఎత్తిపొడవడం (‘ప్రభువా, నా సహోదరునికి శుభ్రత నేర్పుము’ తరహా) నిషేధించుకోవాలి.

ఇంటితో సంబంధం కాలంతోపాటు తలకిందులైంది. నూరేళ్ళ కింద ఓడలో వెళ్ళిన ఉత్తరానికి జవాబు రావడానికి నెలలు పట్టేది. తల్లి జబ్బు పడిన వార్త, ఆమె కోలుకున్నాక చేరేది, లేదా పోయాక చేరేది. లాటర్ డే సెయింట్స్ మిషనరీలు 2019 ఫిబ్రవరి దాకా ఏడాదికి రెండుసార్లే ఇంటికి ఫోన్ చేసేవాళ్ళు. ఆ నెల నుంచి వారం వారం మాట్లాడే వీలు కల్పించారు. ఇప్పుడు ఏ సంస్థ తరఫున వెళ్ళినవాడికైనా చేతిలో ఫోనుంది. కష్టం దూరం వల్ల కాదు, దూరం లేకపోవడం వల్ల. ఒళ్ళు ఖటక్ చించోళిలో ఉండి మనసు రాత్రంతా ఇంటి వాట్సాప్ గ్రూపులో ఉంటే, ఊరు ఏడాదైనా అలవాటు కాదు. వారానికి ఒక రోజు, ఒక గంట అనే పాత నియమంలో పస ఉంది. ఇంటికి చెప్పేదాంట్లో కూడా నిజం ఉండాలి. గొప్పలే రాస్తూ పోయినవాడికి, దిగులు పుట్టిన రోజున చెప్పుకోవడానికి ఎవరూ మిగలరు.

ముందు వచ్చినవాళ్ళు

కొత్తగా వచ్చిన మిషనరీకి ఊరు ఖాళీ పలకలా కనిపిస్తుంది. ఏ ఊరూ ఖాళీ పలక కాదు. బీదర్ వైపు అయితే అసలే కాదు. 12వ శతాబ్దంలో బసవేశ్వరుడు పనిచేసిన కల్యాణం, నేటి బసవకల్యాణ్, ఈ జిల్లాలోనిదే. ఇల్లూ వాకిలీ లేకుండా ఊరూరా తిరిగి బోధించేవాణ్ణి ఆయన బాట పట్టిన శరణులు జంగముడన్నారు. పాల్కురికి సోమనాథుడు ఆ శివభక్తుల కథలను తెలుగులో బసవపురాణంగా రాశాడు. తిరిగే బోధకుడు అన్న భావనను ఇక్కడికి ఓడ మోసుకురాలేదు. బీదర్‌లో గురునానక్ పేరున నానక్ ఝీరా ఉంది, హుమ్నాబాద్‌లో మాణిక్ ప్రభు సంస్థానం ఉంది, సూఫీల సమాధులున్నాయి, మెథడిస్టు చర్చిలున్నాయి. వెళ్ళినవాడూ ఉన్నాడు. 1699లో ఆనంద్‌పూర్‌లో గురు గోవింద్ సింగ్ పిలుపుకు లేచి నిలబడిన ఐదుగురిలో సాహిబ్ సింగ్ బీదర్ మంగలి అని సిక్కు సంప్రదాయం చెబుతుంది. అంత దూరం, ఆ రోజుల్లో.

ఇది తెలిసిన మిషనరీ ఊరికి మొదటి వెలుగు తానే తెచ్చాననుకోడు. తెలియనివాడికి దీన్ని నేర్పేది సాధారణంగా ఆ ఊరి మనిషి ఒకరు. ఒంగోలులో ఆ మనిషి యెర్రగుంట్ల పేరయ్య.

అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లవ్ 1865లో, ముప్పై నిండకముందే నెల్లూరు చేరాడు. ఆ మిషన్ అప్పటికి పాతికేళ్ళకు పైగా నడుస్తోంది, చేరినవాళ్ళను వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. మూసేద్దామని అమెరికాలో ఒకటికి రెండుసార్లు చర్చ జరిగింది. క్లవ్ ఒంగోలును కేంద్రం చేసుకున్నాడు. పేరయ్య తాళ్ళకొండపాడుకు చెందిన మాదిగ. తోళ్ళ వ్యాపారం మీద ఊళ్ళు తిరిగేవాడు. క్రైస్తవం గురించి వినకముందే యోగ సాధన చేసి గురువుగా పేరు తెచ్చుకున్నాడు. వీరమ్మ అనే యోగిని దగ్గర ఆయన నేర్చుకున్న సంగతిని క్లవ్ రెండో భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ క్లవ్ తన పుస్తకంలో రాసింది. 1866లో పేరయ్య, ఆయన భార్య నాగమ్మ బాప్తిస్మం తీసుకున్నారు. 1867 జనవరిలో క్లవ్ తాళ్ళకొండపాడు వైపు వెళ్ళేసరికి, పేరయ్య చెప్పి ఉంచిన మనుషులు చుట్టుపక్కల ఊళ్ళ నుంచి వచ్చి కూర్చున్నారు. అక్కడ 28 మంది చేరారు. దొర ఒక్కడే పట్టుకు తిరిగి ఉంటే ఆ 28 మందికి ఎన్నేళ్ళు పట్టేదో! వాళ్ళు విన్నది పరదేశిని కాదు, తమ గురువును.

చిక్కు అక్కడే వచ్చింది. క్లవ్ బడికి అప్పటిదాకా పై కులాలవాళ్ళు పిల్లలను పంపేవారు. మాదిగలను చేర్చుకుంటే మేం రామన్నారు. పలుకుబడి ఉన్నవాళ్ళు ముందు వస్తే మిగతావాళ్ళు వెనక వస్తారన్నది అప్పటి మిషన్ల లెక్క. క్లవ్, భార్య హ్యారియెట్ వేరువేరు గదుల్లో కూర్చుని బైబిలు తెరిస్తే ఇద్దరికీ కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక మొదటి అధ్యాయంలో ఒకే చోటు వచ్చిందని ఆయన ఆత్మకథలో ఉంది. లోకం తక్కువగా చూసినవాళ్ళను దేవుడు ఎంచుకున్నాడని పౌలు చెప్పే భాగం అది. పుస్తకం తెరిచి దారి వెతకడం అందరికీ సిఫార్సు చేసే పద్ధతి కాదు. అదే పద్ధతిలో ఎవరికి కావలసిన పేజీ వాళ్ళకు దొరుకుతుంది. ఇక్కడ గమనించాల్సింది, దొరికిన పేజీ ఆయనకు లాభం తెచ్చేది కాదు. బడి ఖాళీ అయింది.

పదేళ్ళకు ధాత కరువు వచ్చింది. 1876 నుంచి 1878 దాకా మద్రాసు రాజధాని అంతటా జనం పిట్టల్లా రాలారు. యువకుడిగా ఉన్నప్పుడు అమెరికాలో భూమి సర్వే పని చేసిన క్లవ్, బకింగ్‌హాం కాలువలో మూడు మైళ్ళకు పైగా తవ్వే కాంట్రాక్టు తీసుకున్నాడు. మట్టి తవ్వినవాళ్ళకు కూలి, గుడిసె. తవ్వకం మధ్య విరామాల్లో బోధకులు మనుషుల మధ్య కూర్చుని మాట్లాడేవాళ్ళు. వేల మంది మతంలో చేరతామన్నారు. ఏడాదికి పైగా ఒక్కరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. కూటి కోసం కోటి విద్యలన్న సామెత ఉన్న దేశంలో, కూలి ఇచ్చే చేత్తోనే బాప్తిస్మం ఇస్తే దేనికి వచ్చారో వచ్చినవాళ్ళకే తెలియకుండా పోతుందని ఆయన లెక్క. పని అయిపోయి, పంచిపెట్టడానికి డబ్బు లేని రోజు వచ్చాక తలుపు తెరిచాడు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో 2,222 మంది మునిగి లేచారు. నీళ్ళలో నిలబడి ఇచ్చినవాళ్ళు ఆరుగురు తెలుగు బోధకులు. ఒకేసారి ఇద్దరు దిగేవారు, అలిసిపోతే మరో ఇద్దరు. ఆ ఏడాది చివరికి సంఖ్య 9 వేలు దాటింది.

ఆ సంఖ్య మీద మిషన్ పత్రికలు మురిసిపోయాయి, విమర్శకులు కూటి క్రైస్తవులన్నారు. యువ మిషనరీకి పనికొచ్చేది సంఖ్య కాదు, ఆ ఏడాది పాటు నిలిపి ఉంచిన తలుపు. సాయం చేసే చోట మతం మాట ఎత్తకుండా ఉండటం ఇప్పుడు మర్యాదే కాదు, చట్టపరంగానూ క్షేమం. భారత రాజ్యాంగం 25వ అధికరణం మత ప్రచార హక్కు ఇస్తుంది. ఆ హక్కులో మరొకరిని మతం మార్చే హక్కు లేదని స్టానిస్లాస్ కేసులో సుప్రీంకోర్టు 1977లో తేల్చింది. విదేశీయుడైతే వీసా ఏ పనికి ఇచ్చారో ఆ పనే చేయాలి. టూరిస్టుగా వచ్చి బోధిస్తే తనతోపాటు ఇల్లు అద్దెకిచ్చినవాడినీ ఠాణా మెట్లెక్కిస్తాడు.

సాయం ఎవరి నుంచి వస్తుందో కూడా ముందే గిరిగీసుకోకూడదు. నిజామాబాద్ జిల్లా డిచ్‌పల్లి కుష్ఠు ఆసుపత్రి స్కాట్లాండ్ డాక్టరు ఇసబెల్ కెర్, ఆమె భర్త జార్జి కెర్ పెట్టినది. దానికి పెద్ద విరాళం ఇచ్చింది హిందువైన రాజా నర్సాగౌడ్. మెదక్‌లో చార్లెస్ పాస్నెట్ 1914లో మొదలుపెట్టించిన చర్చి పదేళ్ళు సాగి 1924 క్రిస్మస్ నాడు ప్రతిష్ఠ జరుపుకుంది. కరువులో దానికి రాళ్ళు మోసి కూలి తీసుకున్నవాళ్ళు అందరూ క్రైస్తవులు కారు.

తెలుగువాడు వెళ్ళినప్పుడు

1860 నవంబరు 16న మద్రాసు నుంచి ట్రూరో అనే ఓడ డర్బన్ చేరింది. నటాల్ చెరకు తోటలకు కూలీలను తెచ్చిన మొదటి ఓడ అది. 1911లో ఆ వలస ఆగేలోపు లక్షన్నర మందికి పైగా వెళ్ళారు, వాళ్ళలో తెలుగువాళ్ళు చాలామంది. ఐదేళ్ళ ఒప్పందం. మొదటి ఏడాది నెలకు పది షిల్లింగులు, ఏడాదికొకటి పెంపు. తోట దాటి వెళ్ళాలంటే యజమాని ఇచ్చిన చీటీ ఉండాలి. వీళ్ళలో కొందరు బాప్టిస్టులు. తమకు పాస్టరు కావాలని అడిగారు. పంపింది అమెరికా కాదు, తెలుగు బాప్టిస్టుల సొంత హోం మిషన్ సంఘం. పేరయ్య తరం నాటిన సంఘాలు రెండో తరానికే పరదేశానికి మనిషిని పంపే స్థితికి వచ్చాయి.

జాన్ రంగయ్య 1866లో పుట్టాడు. 1903 జూన్‌లో భార్యాపిల్లలతో డర్బన్‌లో దిగేనాటికి 37 ఏళ్ళవాడు. మరీ కుర్రవాడు కాదు, కాని పరదేశంలో ఎవరైనా మొదటి ఏడాది కుర్రవాడే. ఆయనకు భాష కష్టం లేదు. మాట్లాడాల్సింది తెలుగువాళ్ళతోనే. కష్టాలు వేరే: తోటలోకి అడుగు పెట్టడానికి తోట యజమాని అనుమతి, వినేవాళ్ళకు ఆదివారం తప్ప తీరిక లేకపోవడం, ఒక తోటకూ మరో తోటకూ మైళ్ళ నడక, రంగును బట్టి మనిషిని నిలబెట్టే పాలన. క్లవ్ ఒంగోలులో దొర. నటాల్‌లో రంగయ్య, తాను సేవచేసే కూలీలాగే, దారిలో ఎవరైనా ఆపి చీటీ అడగగల మనిషి. వెళ్ళేవాడి చర్మం రంగు, పాస్‌పోర్టు, జీతం ఎక్కడి నుంచి వస్తుంది అన్నవి బోధకన్నా ముందే ఊరికి కనిపిస్తాయి. యువ మిషనరీలకు ఇచ్చే శిక్షణలో ఈ మాట సాధారణంగా ఉండదు. ఉండాలి.

దిగిన ఆరు నెలలకు, 1903 డిసెంబరు 27న, కియర్స్నీ తేయాకు తోట దగ్గర నటాల్‌లో మొదటి తెలుగు బాప్టిస్టు సంఘం ఏర్పడింది. ఆ తోట లీజ్ హ్యూలెట్‌ది. రంగయ్య పన్నెండేళ్ళు తోటల మధ్య తిరిగి 1915లో చనిపోయాడు.

ఇంకో రకం ప్రయాణమూ ఉంది. సమోవాలో కీటక శాస్త్రజ్ఞుడిగా పనిచేస్తూ లాటర్ డే సెయింట్స్ సంఘంలో చేరిన ఎడ్విన్ ధర్మరాజు, భార్య ఎల్సీ 1978 డిసెంబరులో కొద్దికాలపు మిషనరీలుగా హైదరాబాద్ వచ్చారు. పరదేశంలో నమ్మకం మార్చుకుని, మిషనరీలై వచ్చింది తమ సొంత ఇంటికే. బంధువుల్లో 22 మంది వాళ్ళ మాట విని చేరారు. ఎల్సీ తండ్రి, బాప్టిస్టు పాస్టరు శ్రీనివాసం, లాటర్ డే సెయింట్స్ వాళ్ళ మోర్మన్ గ్రంథాన్ని తెలుగులోకి అనువదించారు. ఇంటివాళ్ళతో మాట్లాడటం తేలికని అనుకుంటారు. బంధువుకు కాదని చెప్పడం కూడా కష్టం కనుక, అక్కడ అడిగే మాటకు ఇంకా ఎక్కువ నిదానం కావాలి.

తిరిగి వెళ్ళే ముందు

గడువు ముగిసే నెలలో చాలామంది లెక్కలు వేసుకుంటారు: ఎంతమంది చేరారు, ఎన్ని ఇళ్ళు తిరిగాం. సున్నా వచ్చినవాడు కుంగిపోతాడు. నెల్లూరు మిషన్ మొదటి పాతికేళ్ళ లెక్క అతనికి గుర్తు చేయవచ్చు. అయినా ఆ నెలకు వేరే పనులున్నాయి. రెండేళ్ళ నోటుపుస్తకాన్ని, అంటే మాటల పట్టికలు, ఎవరింట్లో జబ్బు, ఏ పెద్దాయనకు వినపడదు, ఏ గుమ్మంలో కుక్క కరుస్తుంది అన్న వివరాలతో సహా, తర్వాత వచ్చేవాడికి అప్పగించాలి. ఇళ్ళవాళ్ళ సొంత రహస్యాలు రాసి ఉంటే ఆ పేజీలు చింపేయాలి. ఎవరికైనా డబ్బు ఇస్తానని, బడి ఫీజు చూస్తానని మాటిచ్చి ఉంటే అది తన తర్వాత ఎవరు చూస్తారో ఆ ఇంటికి వెళ్ళి చెప్పాలి. చేతకాకపోతే చేతకాదనీ చెప్పాలి. భాష నేర్పిన కొట్టాయన ఖాతా చూసుకుని, చిల్లరతో సహా తీర్చాలి. బిందె, పెనం పొయ్యి దగ్గర ముసలమ్మకు ఇచ్చేయవచ్చు. ఆమె వద్దంటుంది, మూడోసారి అడిగితే తీసుకుంటుంది.